పదమూడు వేలిముద్రలు

ఒమానీ మగవాళ్ళు తొడిగే పొడుగు అంగీ, దిష్‌దాషా మెడ దగ్గర వేలాడే కుచ్చుకి ఇస్త్రీపెట్టె తగలకూడదు. తగిలితే అణిగిపోతుంది. అణిగితే ఇంటి యజమాని బాబా ఆ అంగీ విప్పి కుర్చీ మీద పడేసి మాట్లాడకుండా ఇంకోటి తొడుక్కుంటాడు. లేయమ్మకి ఆ మాట్లాడకపోవడమంటేనే భయం. కుచ్చును ఎడమచేతి రెండు వేళ్ళతో పైకెత్తి, పెట్టెను దాని కిందుగా మెల్లగా జరుపుతూ పెదవులతో వేరే పని చేస్తోంది.

"కాపరి లక్షణములు నాలుగు. ఒకటి, ఓర్పు. రెండు, వినుట. మూడు..."

మూడోది రాలేదు. బల్ల చివర గంజి సీసాకి ఆనించిన నోట్సు వైపు మెడ సాచింది. అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. కళ్ళజోడు వంటింట్లో ఉండిపోయింది.

అది ఆదివారం. బుధవారం పొద్దున్న పదింటికి ఘాలా చర్చి కాంపౌండులో ఆమెకి చివరి పరీక్ష. ఇండియాలోని క్రైస్తవ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిచర్య డిగ్రీ. అందరూ మినిస్ట్రీ కోర్సు అంటారు. శుక్రవారం శుక్రవారం ఆరాధన అయ్యాక అక్కడే ఒక గదిలో క్లాసులు. ఆరేళ్ళు పట్టింది. రాతపరీక్షలన్నీ గట్టెక్కాయి. ఇక మౌఖికం ఒక్కటే. దానికోసం ఒక ఆచార్యులు వచ్చి మూడు రోజులుంటారు. ఆయన ముందు వంద గంటల సేవ చేసినట్టు నివేదిక పెట్టాలి. ఎవరికి సేవ చేశారో వాళ్ళ చేత ప్రతి కాగితం మీదా సంతకమో వేలిముద్రో వేయించాలి. లేయమ్మ దగ్గర నూట నాలుగు గంటలున్నాయి.

బుధవారం సెలవు అడగడానికి ఆమెకి నెల పట్టింది. అడిగాక మామా తల తిప్పకుండానే, "మూడింటికల్లా వచ్చెయ్," అంది. ఆ ఇళ్ళలో పనివాళ్ళు యజమానిని బాబా అనీ, యజమానురాల్ని మామా అనీ అంటారు, తమకంటే పదేళ్ళు చిన్నవాళ్ళయినా సరే. లేయమ్మకి నలభై ఎనిమిది. ఆమె మామాకి ముప్ఫై ఆరు.

ఇస్త్రీ ముగించి వంటింటి చెత్త సంచి మూతి కట్టి వెనక గేటు తీసింది. అల్ ఖౌద్‌లో ఆ వీధి ఇళ్ళన్నీ ఒకే తీరుగా ఉంటాయి. తెల్ల గోడలు, ఇనుప గేట్లు, రెండేసి ఇళ్ళకి ఒక మునిసిపాలిటీ చెత్తడబ్బా. ఆ డబ్బా పక్కనే పక్కింటి ఖాజాబీ నిలబడి ఉంది. కడప జిల్లా మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు. సన్నగా, చెయ్యి ఊపుతూ మాట్లాడుతుంది. ఇద్దరూ రోజూ కలిసేది అక్కడే.

"ఏంక్కా, బుధారం పోతాండావంట గదా. బకాలా ఇక్బాల్ భాయ్ చెప్పినాడు."

"ఆయనకి చెప్పకుండా ఉండాల్సింది. ఫోన్ కార్డు కొనడానికెళ్తే నోరు జారేను."

"మినిస్టర్ అమ్మ పోతాంది, ఇంగ మన్నెవురు పట్టుకుంటారు అని ఒకటే నగు."

లేయమ్మ కూడా నవ్వింది. ఆ కొట్టతను చాలా రోజులుగా అలాగే పిలుస్తున్నాడు. వద్దని ఆమె ఎప్పుడూ అనలేదు. పప్పు తూకం వేస్తూ అతను ఆ మాట అంటే వెనకనున్న వాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. ఆ చూడటం బాగానే ఉండేది.

"నాకోసం దువా చెయ్యవే, ఖాజా."

"చేస్తాలే. నువ్వు పాసైతే నాకే గదా మేలు."

"నీకేం మేలే?"

"బలేదానివే! ఆ ఆపీసులో కూచున్నాక ఫస్టు నా ఫైలు తియ్యల్ల నువ్వు. పదమూడుసార్లు ఏలిముద్ర ఏసినా. ఒగ వారం తప్పలే." ఖాజాబీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "అల్ ఖువైర్ పొయ్యేటప్పుడు కార్లోంచి చూసినా ఆ బిల్డింగు. నువ్వు యాడ కూచుంటావు? కిందనా, మేడ మిందనా? మాయట్లోల్లకు లిఫ్టు ఎక్కేది రాదుక్కా, కిందనే అడుగు."

లేయమ్మ నవ్వబోయి ఆమె ముఖం చూసింది. ఆ ముఖంలో హాస్యం లేదు.

"అర్బాబు ఒగటే మాట గదా," అంటోంది ఖాజాబీ తన యజమాని గురించి. "రెండేండ్ల కాంట్రాక్టు అయిపోయి ఎనిమిది నెలలాయె. పాస్‌పోర్టు ఇయ్యి, ఊరికి పోతా అంటే, నీ పాస్‌పోర్టు మినిస్ట్రీలో ఉంది, వస్తాది అంటాడు. అందుకే నువ్వు మినిస్ట్రీకి చదవతాండా, ఈ కాగితం మింద ఏలిముద్ర ఏయి అన్న దినమే అనుకున్న్యా, అల్లానే పంపించినాడు ఈ అక్కను అని."

లోపల్నుంచి "లేయా!" అని మామా కేక. లేయమ్మ చేతిలో చెత్త సంచి అలాగే ఉంది. డబ్బాలో వెయ్యడం మరచి దాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ పడుకున్నారు. బాబా టోపీలు ఉతికి, ముడతలు పడకుండా బోర్లించిన స్టీలు గిన్నెలకు తొడిగి, వెనక వరండాలో వరసగా పెట్టింది. అవి మొండేల్లేని తలల్లా కూర్చున్నాయి. లేయమ్మ వాటి పక్కనే కింద కూర్చుని ఫైలు విప్పింది.

పదమూడు కాగితాలు. ప్రతిదాని కిందా ఊదారంగు ముద్ర. ఖాజాబీ ఎడమ బొటనవేలి మీద ఉల్లిపాయలు తరిగేటప్పుడు తెగిన గాటు ఒకటుంది. ముద్రల్లో అది తెల్ల గీతలా పడింది. పదమూడింటిలోనూ ఉంది.

తన రాతే తను చదువుకుంది. "సహోదరి ఖా. గారిని కలిసి ఆమె బాధ వింటిని. ధైర్యము చెప్పితిని. గంటన్నర." "సహోదరి ఖా. గారితో సమయము గడిపితిని. గంటన్నర." పదకొండో కాగితం దగ్గర ఆగింది. "తల్లి మరణవార్త విని సహోదరి దుఃఖములో ఉండగా ఓదార్చితిని. యోబు గ్రంథములోని మాటలు చెప్పితిని. రెండు గంటలు."

ఆ రోజు చెత్తడబ్బా దగ్గర నిలబడింది పావుగంట. ఖాజాబీ ఏడవలేదు. డబ్బా అంచు పట్టుకుని, "మట్టి ఏసేదానికి కూడా లేకపోతి," అంటూ ఉంది. ఆ తర్వాత ఇంట్లోకి వచ్చి, బియ్యం ఏరుతూ, స్నానాలగది కడుగుతూ లేయమ్మ ఆమె కోసమే ఏడ్చింది. ఆ ఏడ్చినదంతా కలిపి రెండు గంటలని రాసింది. రాసేటప్పుడు అది అబద్ధమనిపించలేదు.

ఫోన్ తీసుకుని మెట్ల కింద నిలబడి ఇస్రాయేలు గారికి కలిపింది. ఆయన ఒక కంపెనీలో ప్లాన్లు గీసే ఉద్యోగి. శుక్రవారాలు ఆ చదువు కేంద్రం చూసుకుంటారు. ఆమె ఖాజాబీ సంగతంతా ఒక్క ఊపున చెప్పింది.

"వందనాలు చెప్పడం కూడా మర్చిపోయేరంటే మీరు బాగా కంగారులో ఉన్నారు, సిస్టర్," అన్నారాయన. "ముందు స్థిమితపడండి. ఆమెకి మీరు అబద్ధం చెప్పలేదు కదా?"

"చెప్పలేదండి. విప్పి కూడా చెప్పలేదు. మినిస్ట్రీ అన్నాను, ఊరుకున్నాను."

"అందరం అదే అంటాం కదండీ. తెలుగులో పరిచర్య అంటే ఎవరికి తెలుస్తుంది? సరే. బుధవారం కానివ్వండి. అయ్యాక నెమ్మదిగా చెప్పండి."

"ఆ పదమూడు కాగితాలూ తీసేస్తేనో?"

"తీసేస్తే ఎన్ని గంటలుంటాయి?"

"ఎనభై నాలుగండి."

అవతల కాగితాల చప్పుడయింది. "సిస్టర్, మీకు దాచి లాభం లేదు. మన సెంటర్లో మిగిలింది నలుగురు. వచ్చే ఏడు ఇంత కొద్దిమంది కోసం ఎవరినీ పంపరేమో. ఆరేళ్ళు నేను చూశాను మిమ్మల్ని. ఇస్త్రీ మసి అంటిన నోట్సు తెచ్చేవారు. ఒడ్డు దగ్గర పడవ తిప్పెయ్యకండి."

ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. అందుకే లేయమ్మకి ఎదురు చెప్పబుద్ధి కాలేదు. "ఆయ్, అలాగేనండి," అని పెట్టేసింది. టోపీలు ఎండాయో లేదో చూడ్డానికి వెళ్ళి, ఎండినదాన్నే రెండుసార్లు తడిమి చూసింది.

*

మంగళవారం పొద్దున్న చెత్త ఏమీ లేకపోయినా ఖాళీ సంచి ముడేసుకుని వెనక గేటు తీసింది.

ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా అనుకుంది. తీరా ఖాజాబీ ఎదురుగా నిలబడేసరికి అనుకున్నదేదీ రాలేదు.

"ఖాజా, నేను చదివేది ఆ మినిస్ట్రీ కాదే. ఇది చర్చి చదువు. పాసైతే ప్రార్థనలు చేయించొచ్చు, వాక్యం చెప్పొచ్చు. గవర్నమెంటుకీ దీనికీ సంబంధం లేదు. పేరొక్కటే ఒకటి."

ఖాజాబీ చీపురు పుల్లతో పళ్ళు కుట్టుకుంటోంది. ఆ పుల్ల అలాగే ఉండిపోయింది.

"మరి నా ఫైలు?"

"నీ ఫైలు లేదమ్మా. నీతో మాట్లాడేనని నా కాలేజీ వాళ్ళకి చూపించడానికి ఆ ముద్రలు."

"నాతో మాట్లాడినందుకా?"

"ఆయ్."

"దానికి గూడా కాగితం కావాల్నా?"

లేయమ్మ తల వంచుకుంది. ఖాజాబీ పుల్ల పారేసి, కొంగుతో మూతి తుడుచుకుని చాలా మామూలుగా చెప్పింది.

"ఏడు వారాల కిందట ఫర్జానా ఫోన్ చేసింది, సమాయిల్ నుంచి. మా ఊరిదే. ముగ్గురం కలిసి ఎంబసీకి పోతాండాం, నువ్వూ వస్తావా అనింది. రాను, నా ఫైలు నడస్తాంది, మా అక్క చూస్తాంది అంటి. వాళ్ళు మూడు వారాల్లో ఊరు చేరిరి. అప్పటికి మాయమ్మ బతికే ఉండె."

వీధి చివర నీళ్ళ ట్యాంకర్ ఒకటి వెనక్కి తిరుగుతూ కీచుమంటోంది. అది తిరిగి వెళ్ళిపోయింది.

"నా ఏళ్ళు నాకియ్యి," అంది ఖాజాబీ.

లేయమ్మకి అది వేరేలా వినపడింది. గడిచిపోయిన ఏళ్ళని అడుగుతోందనుకుంది. రెండేళ్ళ ఎనిమిది నెలలు. వాటినెక్కణ్ణుంచి తేవడం? ఖాజాబీ బొటనవేలు పైకెత్తి చూపించాక అర్థమైంది, అడిగింది వేళ్ళని.

"పదమూడూ ఇయ్యి. ఒగటి తగ్గినా ఊరుకోను."

ఖాజాబీ గేటు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజంతా లేయమ్మ చేతికి పని అంటలేదు. ఖహ్వా కాఫీ ఫ్లాస్కు మూత బిగించకుండా అతిథుల గదిలోకి తీసుకెళ్ళి తివాచీ మీద ఒలకబోసింది. మామా తిట్టలేదు గాని, "రేపటి పరీక్ష ఈ రోజే రాస్తున్నావా?" అంది. ఉప్పు చల్లి మరకను రుద్దుతూ ఉంటే, ఎవరికి చెప్పుకోవాలో తెలియని భయం వేసింది. ఈ ఊళ్ళో ఆరేళ్ళుగా తనది అనుకున్నది ఆ ఫైలొక్కటే.

సాయంత్రం బట్టలు తీయడానికి డాబా ఎక్కినప్పుడు ఫైలు కూడా తెచ్చుకుంది. కన్నాల్లోంచి దారం ముడి విప్పింది. ఆరేళ్ళ ముడి కాదు, మూడు నెలలదే, అయినా గోళ్ళకు లొంగలేదు. పళ్ళతో లాగింది. పదమూడు కాగితాలు వేరు చేసి, మిగిలినవి మళ్ళీ గుచ్చితే ఫైలు బాగా బక్కచిక్కినట్టు కనపడింది.

పక్క డాబా మీద ఖాజాబీ ఆ ఇంటి పిల్లల చొక్కాలు మడతేస్తోంది. పిట్టగోడ మీంచి కాగితాలు అందించింది లేయమ్మ. ఖాజాబీ నాలుక తడి చేసుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. చదవడం రాదు గనక ముద్ర వైపు తిప్పి లెక్కపెట్టింది. పదమూడూ మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"రేపు నువ్వు పొయ్యే దావలోనే గదా ఆ బిల్డింగు?"

"ఘాలా దాటాక."

"నేనూ వస్తా. బయటినుంచి చూపించు సాలు. లోపలికి నువ్వు రావద్దు."

"నా పరీక్ష అయ్యేదాకా ఉండాలే మరి."

"ఉంటా. ఎనిమిది నెలలుంటి. ఒగ పొద్దు ఉండలేనా?"

*

బుధవారం ఖాజాబీ రొట్టెలకని బయటికొచ్చింది. చేతిలో రొట్టెల సంచి తప్ప ఏమీ లేదు. నల్ల అబాయా వేసుకుని, టాక్సీలో లేయమ్మ పక్కన కూర్చుని దారి పొడవునా కిటికీలోంచే చూసింది. ఘాలా కాంపౌండులో వేపచెట్టు నీడన సిమెంటు బల్ల మీద ఆమెను కూర్చోబెట్టి లేయమ్మ లోపలికి వెళ్ళింది. ఎవరో కేరళ ఆవిడ అబాయా చూసి ఒక్క క్షణం తటపటాయించి, తర్వాత టీ తెచ్చిచ్చింది.

ఆచార్యులు పెద్దాయన. ఏసీ పడక జలుబు చేసి మెడకి మఫ్లర్ చుట్టుకున్నారు. పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు. ఇస్రాయేలు గారు గోడవారగా కుర్చీలో ఉన్నారు. మొదటి అరగంట ప్రశ్నలకు లేయమ్మ జవాబులు చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఆయన రెండుసార్లు "బాగుంది" అన్నారు. తర్వాత నివేదిక తెరిచి, పెన్సిల్‌తో గంటలు కూడి, మళ్ళీ కూడారు.

"ఎనభై నాలుగేనా? నాకు పంపిన జాబితాలో నూట నాలుగు అని ఉందమ్మా."

ఇస్రాయేలు గారు కళ్ళు మూసుకున్నారు.

"ఇరవై గంటలు తీసేశానండి అయ్యగారూ. ఆ ముద్రలు నావి కావు. వాటి మనిషికి తిరిగి ఇచ్చేశాను."

ఆమె మొత్తం చెప్పింది. ఏదీ వదల్లేదు. రెండు గంటలని రాసిన పావుగంట సంగతి కూడా చెప్పింది. ఆచార్యులు ముక్కు తుడుచుకోవడం ఆపి విన్నారు.

"ఆవిడ ఇప్పుడెక్కడుంది?"

"బయట వేపచెట్టు కింద."

"లోపలికి వస్తుందేమో అడగండి."

ఖాజాబీ వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఆచార్యులు నెమ్మదిగా, తెలుగులో అడిగారు.

"అమ్మా, ఈవిడ మీకు ఏమైనా సేవ చేసిందా?"

"సేవ అంటే నాకు తెల్దు సార్. చెత్తడబ్బా కాడ నిలబడి నా మాట ఇనేది. ఈ దేశం వచ్చినంక నా మాట ఇనింది ఈ యమ్మ ఒగతే." ఆయన చేతిలో పెన్సిల్ వైపు చూసింది. "ఈ యమ్మ మాట నమ్మే నేను మాయమ్మను చూడకపోతి. అది గూడా రాసుకోండి."

ఆయన పెన్సిల్ బల్ల మీద పెట్టారు.

"ఆ కాగితాలు మీ దగ్గరున్నాయా?" అన్నారు ఆచార్యులు. "మీకిష్టమైతే... మీ ఇష్టం మీదే సుమా... అవి ఆమె ఫైల్లో పెట్టొచ్చు."

ఇస్రాయేలు గారు ముందుకు వంగారు. లేయమ్మ కూడా తనకు తెలియకుండానే తలెత్తింది. ఆ తలెత్తినందుకు తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

ఖాజాబీ అబాయా మీద గుండెల దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఇయ్యను సార్. మాట ఇనింది అని యాడ చెప్పమన్నా చెప్తా. కాగితాలు మాత్రం ఇయ్యను."

"సరేనమ్మా," అన్నారాయన. ఫైలు మూసి, దాని మీద అరచెయ్యి పెట్టి లేయమ్మ వైపు చూశారు. "మీ జవాబులకి మార్కులు వేస్తాను. డిగ్రీకి సిఫారసు మాత్రం చెయ్యలేను. గంటలు నిండాలి. వచ్చే సంవత్సరం నేనో, ఇంకెవరో..." వాక్యం పూర్తి చెయ్యలేదు. ఇక ఎవరూ రారని ఆయనకీ తెలిసినట్టే ఉంది.

లేయమ్మ లేచి నిలబడింది. ఏడుపు వస్తుందనుకుంది గాని రాలేదు. గోడ గడియారం పన్నెండు కావస్తోంది. "వెళ్ళొస్తానండి. అక్కడ కౌంటర్లు రెండింటికి మూసేస్తారంట," అంది. ఇస్రాయేలు గారు ఆమె ఫైలు తీసి, గుమ్మందాకా వచ్చి ఆమె చేతికే ఇచ్చారు.

*

బయటినుంచి చూపిస్తే చాలన్న మనిషి మినిస్ట్రీ అద్దాల తలుపు దగ్గరికి వచ్చేసరికి లేయమ్మ మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

ఎవరూ కసరలేదు. అదే ఇద్దరికీ వింతగా అనిపించింది. నంబరు కాగితం తీసుకోమన్నారు. వంతు వచ్చేసరికి ఒకటిన్నర దాటింది. కౌంటర్లో కూర్చున్న ఒమానీ అమ్మాయి హిందీలోనే మాట్లాడింది. ఎన్నేళ్ళు, ఏ ఇల్లు, యజమాని పేరేమిటి అని అడిగి రాసుకుంది. పాస్‌పోర్టు ఇక్కడుండదు, యజమాని దగ్గర ఉంచుకోకూడదు, ఇప్పుడే ఫోన్ చేసి పిలిపిస్తాం, అంతవరకు ఆడవాళ్ళ గదిలో కూర్చో అంది. కౌంటర్ దగ్గర అంతా కలిసి ఇరవై నిమిషాలు పట్టింది.

"ఇంతేనా?" అంది ఖాజాబీ. ఎవరినీ కాదు. "ఇంతే అయితే ముందే వస్తుంటి గదా."

ఆడవాళ్ళ గదిలో మరో ఇద్దరున్నారు. ఒకామె గోడకి తల ఆనించి నిద్రపోతోంది. లేయమ్మ గడియారం చూసుకుంది. రెండు దాటింది. మూడింటికి ఇంట్లో ఉండాలి.

"మళ్ళీ నిన్ను చూస్తానో లేదో," అంది లేయమ్మ.

"చూసి ఏం చేస్తావు."

"నా మీద కోపం పోలేదు కదూ?"

"పోలే." ఖాజాబీ రొట్టెల సంచి ఒళ్ళో పెట్టుకుని సవరిస్తోంది. "ఊరికి పోయినంక పోతాదేమో. ఇప్పుడు పోగూడదు. కోపం లేకుంటే నేనీడ కూచోలేను, లేచి ఆ ఇంటికే పోతా."

లేయమ్మకి ఆమె తల మీద చెయ్యి వేయాలనిపించింది. వెయ్యలేదు. ఊళ్ళో అంతమందిని వదిలి ఈ దేశం వచ్చింది గాని, వదిలేటప్పుడు చేతులేం చెయ్యాలో ఇప్పటికీ తెలియలేదు. ఫైలు చంకలో పెట్టుకుని గది దాటి, వరండా చివరికి వెళ్ళేసరికి వెనకనుంచి పరుగు.

"అక్కా! అక్కోయ్!"

ఖాజాబీ చెప్పుల్లేకుండా వచ్చింది.

"చిన్నోడికి దగ్గు. మూడింటికి మందు పొయ్యల్ల. మామాకి తెల్దు, రోజూ నేనే పోస్తా. ఫ్రిజ్ తలుపులో, జామ్ సీసా ఎనకాల ఉంటాది. ఒగటిన్నర చెంచా. ఎక్కువ పోస్తే కక్కుకుంటాడు. చెప్తావా?"

"చెప్తాను."

"మరిసిపోవుగా?"

"మర్చిపోనే."

టాక్సీ అల్ ఖౌద్ రౌండ్ అబౌట్ దగ్గర దింపేసరికి మూడుకి ఐదు నిమిషాలుంది. లేయమ్మ తన ఇంటి గేటు దాటి, పక్కింటి ముందు గేటు దగ్గర ఆగింది. ఇన్నేళ్ళలో ఆ గేటు ఆమె ఎప్పుడూ తట్టలేదు. గంట నొక్కింది. ఆగి మళ్ళీ నొక్కింది.

ఆ ఇంటి మామా తలుపు తీసింది. చెవి దగ్గర ఫోను, తల మీద జారిన ముసుగు. ఎవరితోనో గట్టిగా మాట్లాడి అప్పుడే ఆపినట్టుంది. లేయమ్మని పైనుంచి కిందికి చూసి, "ఖాజా ఎక్కడ?" అంది అరబ్బీలో.

లేయమ్మకి వచ్చింది వంటింటి అరబ్బీ. అందులో వివరణలకి మాటలు లేవు.

"ముందు మందు, మామా," అంది. "చిన్నబాబుకి. దగ్గుది. మూడైంది. ఫ్రిజ్ తలుపులో, జామ్ వెనక. ఒకటిన్నర చెంచా."

ఆమె అర్థం కానట్టు చూస్తూ నిలబడింది. లోపల గదిలో పిల్లవాడు దగ్గాడు, ఆగి, మళ్ళీ దగ్గాడు. ఆమె ఫోను చెవి నుంచి తీసి, వెనక్కి తిరిగి గబగబా లోపలికి పోయింది. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు, సీసాలు కదిలిన చప్పుడు వినపడింది.

తలుపు తెరిచే ఉంది. లేయమ్మ వెళ్ళిపోవచ్చు. ఫైలు గోడకి ఆనించి, చెప్పులు విడిచి గుమ్మం పక్కన నిలబడింది. ఆవిడ పిల్లవాడికి మందు పోసి వచ్చి, ఇందాకటి ప్రశ్న మళ్ళీ అడుగుతుంది.